కేబుల్ బ్రిడ్జి మీద ఇరవై ఏడు

మా కర్దనూర్ నుంచి కాశీకి పోయి వచ్చినవాళ్ళున్నారు. ఏటా షిర్డీకి పోయేవాళ్ళున్నారు. దుబాయ్‌లో మేడ ముందు నిలబడి ఫోటో దిగి, దాన్ని ముందుగదిలో గోడకు కొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. కానీ దుర్గం చెరువు మీది కేబుల్ బ్రిడ్జిని కాలినడకన చూసి వచ్చినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. మా ఊరి నుంచి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. ఎప్పుడైనా పోవచ్చు కదా అని ఎవరూ పోరు. నేను పోయి వచ్చాను. రెండు రోజులు పట్టింది. రెండు రోజులు ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందు మా బావ గురించి చెప్పాలి.

మా అక్క సుగుణ భర్త అంజయ్య. ఉండేది చిట్కుల్. ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డర్‌గా పనిచేసి పోయినేడు రిటైరయ్యాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేదట. ఎవరు వెల్డింగ్ చేస్తే వాళ్ళు ఆ అతుకు పక్కన తమ నంబరును ఇనుప పంచు పెట్టి సుత్తితో గుద్దాలి. రేపు ఎక్కడైనా తప్పు బయటపడితే మనిషిని పట్టుకోవడానికి పెట్టిన నంబరు అది. మా బావ మాత్రం దాన్ని మెడలో పతకంలా చూసుకుంటాడు. ఆయన నంబరు ఇరవై ఏడు. కేబుల్ బ్రిడ్జి కాలిబాట పక్కన ఉన్న కమ్మీల్లో కొన్ని తమ షెడ్డులోనే తయారయ్యాయనీ, వాటి మీద తన ఇరవై ఏడు ఉందనీ ఏ దావత్‌కు పోయినా చెబుతాడు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎదుటి మనిషి మాటలో లోపం దొరికితే ఊరుకునే నోరు కాదు నాది. పోయిన బోనాలకు మా ఇంట్లో దావత్. బావ బ్రిడ్జి కథ ఎత్తుకున్నాడు. పదమూడేళ్ళ క్రితం మా ఇంటి గేటు ఆయనే చేసిచ్చాడు. అది బిగించిన మూడు నెలలకే ఒక రెక్క ఊడి మా బర్రె మీద పడింది. నేను అందరి ముందూ అన్నాను, "బ్రిడ్జి ఇంకా నిలబడే ఉందా బావా? అయితే అది నువ్వు చేసింది కాదు. నువ్వు చేసింది మా గేటు." యాభై మంది ఒక్కసారిగా నవ్వారు. బావ ఏదో అన్నాడు గానీ ఆ నవ్వుల్లో వినబడలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆనాటి నుంచి మా గడప తొక్కలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఈ ఏడు మా అక్కకు ఒడిబియ్యం పోయాలి. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, ఇది మా వైపు పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు చేసే మర్యాద. మూడో ఏడో ఐదో ఏడో ఇంటికి పిలిచి, భార్యాభర్తల్ని పీటల మీద కూర్చోబెట్టి, బట్టలు పెట్టి, ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. పక్కన భర్త లేకుండా ఆ పీట మీద ఒక్కతే కూర్చోవడం ఏ ఆడబిడ్డకూ ఇష్టముండదు.

అక్క ఫోన్ చేసి ఏడ్చింది. "తమ్మీ, నీ నోరుతోని నాకు పుట్టినిల్లు లేకుంట చేస్తివి. మీ బావ ఒక్కటే మాట మీద ఉన్నడు. బ్రిడ్జి కాడికి తీస్కపోవాల్నంట, నంబరు నీకు సూపియ్యాల్నంట. నువ్వు సూస్తెనే మీ ఇంటికొస్తడంట. లేకపోతే నన్నొక్కదాన్నే పొమ్మంటుండు."

అలా బయలుదేరింది మా యాత్ర.

పటాన్‌చెరు: మొదటి అలక

చిట్కుల్‌లో బావను నా బండి మీద ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు, భుజానికి సంచి. సంచిలో ఏముందని అడిగితే చెప్పలేదు. పటాన్‌చెరు దాకా నాతో మాట్లాడకపోయినా దారిలోని ఇనుముతో మాట్లాడుతూనే ఉన్నాడు. బస్‌స్టాప్ షెడ్డు, డివైడర్ కంచె, హోటల్ ముందు పెట్టిన ఇనుప మెట్లు, దేన్నీ వదల్లేదు. ఒకదాని ముందు నాలుక చప్పరిస్తాడు, ఇంకోదాని ముందు తల ఊపుతాడు.

హైవే పక్కన ఒకామె జొన్నరొట్టెలు చేస్తుంటే ఆగాం. ఒకప్పుడు మా ఇళ్ళల్లో బియ్యం కొనే స్తోమత లేనివాళ్ళు తిన్న రొట్టె అది. ఇప్పుడు కార్లు ఆపుకుని వరసలో నిలబడి తింటున్నారు. ఒక్కో రొట్టె ఇరవై రూపాయలు, పచ్చడి ఫ్రీ. నేను రెండు తిన్నాను. బావ మాత్రం తన రొట్టెకు తానే డబ్బులిచ్చాడు. నా ఇంట్లో ముద్ద ముట్టనన్న పంతం నా జేబుకు కూడా వర్తిస్తుందని అప్పుడు తెలిసింది.

రొట్టెలామె మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "అన్నదమ్ములా?" అని అడిగింది.

"బావ బామ్మర్దులం," అన్నాను.

"గందుకే," అని ఇంకో రొట్టె తట్టడంలో పడింది.

అమీన్‌పూర్: ఏడో అంతస్తు

అమీన్‌పూర్‌లో బావ బిడ్డ స్వప్న ఒక అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తులో ఉంటుంది. అల్లుడు, తను ఇద్దరూ పొద్దున్నే సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు పోతారు. రాత్రికి ఉండి తెల్లారి పోవాల్సిందేనని పట్టుబట్టింది. అందుకే ముప్పై కిలోమీటర్లు రెండు రోజులైంది.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఫోన్‌లో మా పేర్లు ఎక్కించుకుంటూ, "పర్పస్ ఏంది?" అని అడిగాడు.

"బిడ్డను సూసేతందుకు గూడ పర్పస్ కావాల్నా?" అన్నాడు బావ. మా ఊళ్ళో మనిషి వాకిట్లోకి వచ్చి, మంచం మీద కూర్చుని, నీళ్ళు తాగాక గానీ ఏం పని మీద వచ్చావని అడగం. ఇక్కడ గేటు బయటే అడుగుతున్నారు. కుర్రాడు ఫోన్‌లో తంటాలు పడుతుంటే బావ ఆ పెద్ద గేటు కింది పట్టీ మీద చెయ్యి పెట్టి చివరి దాకా నిమిరాడు. వేలి కొసలు చూసుకుని, "జల్దీల కొట్టిండ్రు," అన్నాడు. ఆ గేటు చేసినవాడు అక్కడ లేడు కాబట్టి సరిపోయింది.

సాయంత్రం చెరువు గట్టుకు పోయాం. గట్టు మీద మనుషుల కంటే కెమెరాలు ఎక్కువున్నాయి. నా చెయ్యంత పొడుగు లెన్సు పట్టుకున్న ఒక మనిషి, నీళ్ళలో నిలబడ్డ గులాబీ రంగు కొంగల్లాంటి వాటిని చూపించి అవి ఎంత దూరం నుంచి వచ్చాయో వివరించాడు. బావ శ్రద్ధగా విన్నాడు. తర్వాత, "మరి ఎట్ల వండుతరు?" అని అడిగాడు. పాపం ఆ మనిషి కెమెరా సర్దుకుని పది అడుగులు అవతలికి పోయాడు. నాకు నవ్వాగలేదు. బావ పెదవి కూడా కొంచెం కదిలింది. అంతలోనే అలక గుర్తొచ్చిందేమో, మూతి మళ్ళీ బిగించాడు.

బ్రిడ్జి మీద

తెల్లవారి టిఫిన్ కానిచ్చి బయలుదేరితే, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చూడనివాళ్ళ కోసం చెబుతాను. చెరువుకు ఒక ఒడ్డున బండరాళ్ళ గుట్టలు, ఇంకో ఒడ్డున అద్దాల మేడలు. మధ్యలో రెండు పొడుగాటి స్తంభాలు, వాటి నుంచి రెండు పక్కలకూ దిగిన తెల్లటి కేబుళ్ళు. మగ్గం మీద పడుగు లాగి కట్టినట్టు ఉంటుంది. దాని ముందు ఫోటో దిగనివాడు పాపాత్ముడు అన్నట్టు అందరూ వీపు బ్రిడ్జికి పెట్టి ఫోన్ వైపు చూస్తున్నారు. బ్రిడ్జిని బ్రిడ్జిలా చూస్తున్నవాడు మా బావ ఒక్కడే.

ఆయన సంచి తెరిచాడు. అందులో ఒక గుడ్డపేలిక, ఒక టార్చి, తడవకుండా కవర్లో చుట్టిన షెడ్డు నాటి గుర్తింపు కార్డు ఉన్నాయి. కార్డు నా ముఖానికి దగ్గరగా పెట్టాడు. నంబరు ఇరవై ఏడు. అది చూసినట్టు నేను తల ఊపాకే జేబులో పెట్టుకున్నాడు.

"యాడ కొడుతుంటివి నంబరు?" అని అడిగాను.

"కమ్మీ కింద. మీద కొడితే రంగు గలీజు గొడ్తది. కింద, అతుకు కాడ. కండ్లకు కనవడది. చేతికి తెలుస్తది."

కాలిబాట మొదట్లో నిలబడి కుడిచెయ్యి పై కమ్మీ కింద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. అడుగు, ఆగడం, మళ్ళీ అడుగు. నేను నాలుగడుగులు వెనక. ఫోటోలు దిగే పిల్లలు తప్పుకుని దారిచ్చారు. ఇలా బ్రిడ్జి నడుమ దాకా పోయామో లేదో ఈల వినబడింది.

కాపలా మనిషి ఒకతను పరుగెత్తుకుంటూ వచ్చి బావను రెండు చేతులతో పట్టుకుని కమ్మీ దగ్గర్నుంచి ఇవతలికి లాగాడు. "ఏ కాకా! ఏం పని గిది? గిట్ల రా, గిక్కడ కూసో. నీళ్ళు తాగు. ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?"

ఒక్క నిమిషం దాకా నాకు అర్థం కాలేదు. కళ్ళు మూసుకుని కమ్మీ పట్టుకుని నడుస్తున్న ముసలాయన్ని చూసి అతను ఏమనుకున్నాడో అప్పుడు తెలిసింది. బావకు కూడా తెలిసింది. తెలిసీ ఏమన్నాడో చూడండి.

"అయింది," అన్నాడు.

"ఎవలతోని?"

బావ వేలు నా వైపు చూపించాడు. "గీయనతోని."

"నువ్వేమైతవ్ సారూ?"

"బామ్మర్దిని."

"మాట అనేముందు జెర సూసి అనాలె సారూ," అన్నాడు కాపలా మనిషి. చుట్టూ పదిమంది చేరారు. "పెద్దమనిషిని బ్రిడ్జి దాంక తెచ్చినవ్. గిది మంచిగున్నదా?"

బావ నీళ్ళు తాగుతూ నా వైపు చూశాడు. బోనాల దావత్‌లో యాభై మంది ముందు ఆయన పడ్డ అవమానంలో నాలుగో వంతన్నా నాకు ఆ ఫుట్‌పాత్ మీద తిరిగి వచ్చింది. చివరికి ఆయనే కార్డు తీసి అసలు సంగతి చెప్పాడు. కాపలా మనిషిది జోగిపేట. ఇదంతా విని తల గోక్కున్నాడు. "సరె, ఎతుక్కో కాకా. గని గీ సారు నీ చెయ్యి ఇడ్సిపెట్టొద్దు," అని నాకు ఆజ్ఞ వేశాడు.

అలా నేను, యాభై తొమ్మిదేళ్ళవాణ్ణి, అరవై రెండేళ్ళ బావ ఎడమచెయ్యి పట్టుకుని, సెల్ఫీల మధ్యలోంచి బ్రిడ్జి దాటాను. ఆయన అరచెయ్యి గరుకుగా ఉంది. మా అక్క పెళ్ళిలో పట్టుకున్నానేమో, మళ్ళీ ఎన్నడూ ఆ చెయ్యి పట్టుకోలేదని గుర్తొచ్చింది.

రెండో స్తంభం దాటాక బావ ఆగిపోయాడు. కళ్ళు తెరిచాడు. "సారూ! చెయ్యి గిట్ల పెట్టు."

పెట్టాను. రంగు కింద గోరంత అంకెలు రెండు, వేలికి తగిలాయి. ఉంది! ఆయన చెప్పింది నిజం. ఇక అక్క ఒడిబియ్యం ఆగదు. "దొరికింది బావా!" అని అరిచాను.

బావ మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డతో తుడిచి, టార్చి వేసి, మెడ వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. ముఖం వెలిగిపోయింది. కానీ అన్న మాట మాత్రం వేరు.

"నాది గాదు. నలభై ఒకటి. రాంధారిది."

రాంధారి బీహార్ మనిషి. షెడ్డులో బావ పక్కనే పనిచేశాడు, చిట్కుల్‌లో బావ ఇంటి వెనక గది కిరాయికి ఉన్నాడు. ఎనిమిదేళ్ళు మా అక్క చేతి పచ్చిపులుసు తిన్నాడు. ఇప్పుడు ఊరెళ్ళిపోయి పొలం చేసుకుంటున్నాడు. బావ అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు. "రాంధారీ! కేబుల్ బ్రిడ్జ్ పే హూఁ! తేరా నంబర్ మిలా! ఇక్తాలీస్!" తన నంబరు దొరికిందనగానే అవతల రాంధారి వేసిన కేక నాకు కూడా వినబడింది. తర్వాత మరి నీది దొరికిందా అని అడిగినట్టున్నాడు. బావ గొంతు తగ్గింది. "మేరా? దేఖ్‌రా హూఁ భాయ్," అన్నాడు, ఇంకా వెతుకుతూనే ఉన్నానని.

నలభై ఒకటి ఉంటే ఇరవై ఏడు కూడా దగ్గర్లోనే ఉండాలి. కానీ అక్కడి నుంచి చివరి దాకా కమ్మీ కింద రంగుల దీపాల పట్టీ బిగించి ఉంది. వేలు దూరే సందు లేదు. బావ చివరి దాకా నడిచాడు. అవతలి పక్క కాలిబాట ఎక్కి మళ్ళీ ఇటు చివరి దాకా వచ్చాడు. అక్కడ కూడా అంతే. ఆ పట్టీ వెనకాల ఎవరి నంబరు ఉందో ఎవరూ చెప్పలేరు.

చెరువులో పడవ

కిందికి దిగి పార్కు టికెట్ కొని, పడవెక్కాం. పార్కు హోటల్లో దోసె ఒకటి నూట ఇరవై, ఆ ధరకు మా పటాన్‌చెరులో ముగ్గురం తిని చాయ్ కూడా తాగుతాం అని లెక్క చెప్పాను. బావ వినలేదు. బ్రిడ్జి కింద పడవ నెమ్మదిగా పోతోంది. ఆయన తలెత్తి పైకే చూస్తున్నాడు.

నాకు అక్క ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. మెల్లగా అన్నాను, "బావా, ఒక మాట. నలభై ఒకటని నువ్వు చెప్పినవ్ గాబట్టి నాకు తెల్సింది. నా చేతికి రెండంకెలు తగిలినయ్, గంతే. గదే నీదనుకుందాం. ఇంటికి పోయి ఇరవై ఏడు సూసిన్నని నేనే చెప్త. అక్క ఒడిబియ్యం అయిపోతది."

బావ నా వైపు తిరిగాడు. పడవ ఊగింది.

"ఆయన పని నాదని చెప్పాల్నా? గీ మాట అనెతందుకు నీకు నోరెట్లొచ్చింది? నేను కొట్టింది నాది. కొట్టంది నాది గాదు. నంబరు కొట్టుడంటేనే గది గదా సారూ!"

"మరి ఒడిబియ్యం?"

"సూపిస్తనన్న. సూపియ్యలే. రాను."

సాయంత్రమై దీపాలు వెలిగాయి. ఆ పట్టీ పొడుగునా నీలం, ఆకుపచ్చ, గులాబీ. ఒడ్డున జనం కేకలు వేశారు. బావ వాటిని చూస్తూ, "నాది గా లైట్ల ఎన్కనే ఉంటది," అన్నాడు. వేరే రోజైతే ఆ మాట మీద నేను ఏడాది పాటు నవ్వించేవాణ్ణి. ఆ రోజు ఒక్క మాట కూడా అనబుద్ధి కాలేదు. ఒక్క అబద్ధం ఆడితే ఆయన గెలిచేవాడు, సాక్షిని నేనే, అయినా ఆడలేదు. అలాంటి మనిషి దావతుల్లో చెప్పిన మాట నిజమేనని ఆ పడవలో నాకు నమ్మకం కుదిరింది. సిగ్గు కూడా వేసింది.

మళ్ళీ కర్దనూర్

బావను చిట్కుల్‌లో దింపి ఇంటికి చేరాను. గేటు తీయబోయాను. రోజంతా కమ్మీ కింద చెయ్యి పెట్టి నడిచిన మనిషి వెనక తిరిగాను కదా, నా చెయ్యి కూడా దానంతట అదే గేటు కింది పట్టీ మీదికి పోయింది.

వేలికి తగిలింది. రెండంకెలు.

ఫోన్ దీపం వేసుకుని, మా ఇంటి ముందు, మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి చూశాను. మా ఆవిడ బయటికొచ్చి ఏం పోయిందని అడిగింది. ఏమీ పోలేదన్నాను. కుడి రెక్కకు ఇరవై ఏడు. ఎడమ రెక్కకు ఇరవై ఏడు. పదమూడేళ్ళుగా రోజూ తీసి వేసే గేటు అది. గోడకు పట్టే బందుల దగ్గర కూడా వెతికాను. అక్కడ ఏ అంకె కూడా లేదు. అతుకు కూడా అప్పడాల పిండి అతికించినట్టు ఉబ్బెత్తుగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గేటు బిగించాల్సిన రోజు బావకు డబుల్ డ్యూటీ పడింది. ఎల్లుండి వచ్చి బిగిస్తానన్నాడు. గృహప్రవేశానికి గేటు లేకపోతే ఎట్లా అని నేనే తొందరపడి, రోడ్డు పక్కన వెల్డింగ్ చేసే ఎవరినో పిలిచి బందులు వేయించాను. ఊడింది ఆ బందులు. బావ చేసిన రెక్క కింద పడ్డా ఒక్క అతుకు విడలేదు. బర్రెకే దెబ్బ తగిలింది.

తెల్లారి అక్కకు ఫోన్ చేసి, గేటు కింద చూశానని బావకు చెప్పు, అంతే చాలన్నాను.

ఒడిబియ్యం నాడు చుట్టాలందరూ వచ్చారు. అక్క లోపలికి వచ్చింది. బావ గేటు దగ్గర ఆగాడు. నేను ఎదురుపోయాను. ఆయన చెయ్యి కింది పట్టీ నిమురుతోంది.

"రెండు రెక్కలకు ఉంది బావా," అన్నాను. "బందులకు లేదు."

"బందులు నేను ఎయ్యలే. గా దినం దావత్‌ల గదే చెప్పిన. మీ నవ్వులల్ల ఎవరింటరు?"

లోపలి నుంచి అక్క కేక వేసింది, "గేట్ కాడ్నే నిలవడ్తరా? బియ్యం పోసుడు ఉన్నదా, లేదా?" బావ చెప్పులు విడిచి గడప దాటాడు.

ఇద్దరూ పీటల మీద కూర్చున్నాక, బియ్యం పోయకముందే, నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ గేటు కథ చెబుతాడని అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు. చెప్పాను. ఈసారి బందులు ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో కూడా చెప్పాను. యాభై మందిలో ఎవరూ నవ్వలేదు. బావ ఒక్కడే నవ్వాడు.